నాయన తవ్విన మగ్గం గుంత

మా నాయన సుబ్బన్న తాటిచెట్టంత మనిషి. ధర్మవరంలో మా ఇంటి మగ్గం కింద, నేసేటప్పుడు కాళ్లు దించుకునే గుంత ఆయనే తన కాళ్ల కొలతకు తవ్వుకున్నాడు. చిన్నప్పుడు ఎండాకాలమొస్తే నేను ఆ గుంతలోకి దిగి, ఆయన కాళ్ల పక్కనే చల్లగా పండుకునేదాన్ని. మగ్గానికి కింద వేలాడే పలకలు కాళ్లతో తొక్కుతా తొక్కుతా బొటనవేలితో నా నెత్తి మీద తట్టేవాడు. ఆయన మడమలు ఆని ఆని గుంత అడుగున రెండు పల్లాలు పడినాయి. ఆయన పోయినాక ఆ మగ్గం నాకొచ్చింది.

నేనేమో పొట్టిదాన్ని. పలక అందాలంటే అంచుకు జరిగి, కుడి మోకాలు మెలితిప్పి తొక్కాల. గుంతలో ఇంత మన్నేసి పలకలు పైకి కట్టుకోమని నా మొగుడు కుళ్లాయప్ప ఎన్నిసార్లు చెప్పినాడో!

"మా నాయన మీద ఒకసారి మన్నేసినాం, చాలదా?" అన్నా.

నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లులే అని నవ్వి ఊరుకున్నాడు.

పోయినేడు మోకాలి బయటి పక్క రేగ్గాయంత గడ్డ లేసింది. దొంగ గడ్డ! కాలు చాపితే కనిపిస్తాది, బాగా ముడిస్తే దాక్కుంటాది. నొప్పికి పలక తొక్కలేకపోతిని. అనంతపురంలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, మోకీలు లోపల మెత్తలాంటిది చినిగిందనీ, ఆ చినుగులోంచి నీరు బయటికి ఊరి గడ్డయిందనీ చెప్పింది. సూదితో ఆ నీరు తీసెయ్యమని నేనంటే, చినుగు అట్లే ఉంటే మళ్లా ఊరతాదనింది. ఆపరేషన్ చేసి కుట్టినారు.

"మళ్లా అట్లే మెలితిప్పినావంటే, మగ్గం మర్చిపోవాల్సిందేనమ్మా" అనింది పంపించేటప్పుడు.

మగ్గం మర్చిపోయి నేనేం చెయ్యాల? నెలలు గడిచి, కాలు కుదురుకున్నాక, గుంత పూడ్చమని నేనే చెప్పినా. కుళ్లాయప్ప గంపతో మన్ను తెచ్చి గట్టున నిలబడినాడు. ఏడుపొచ్చింది నాకు. ఆగమని చెప్పి, ఆ రెండు పల్లాల్లోని మన్ను గీకించి, చెంబులోకి ఎత్తించినా. అప్పుడు గంపలు పోసినాడు, దిమ్మిస కొట్టినాడు. చెంబులో మన్ను నా చేత్తోనే పైన పరిచినా.

పలకలు కట్టినాక కూచున్నా. మడమలు తిన్నగా మన్నుకు ఆనినాయి. ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా ఆనింది లేదు.

"అందినాయి నాయనా" అన్నా.