తొర్ర మూసుకున్న పిట్ట

తొంభై ఏడు మే చివర్లో, మా బావ చనిపోయిన మూడో నెలలో, నంజమ్మక్కను పిల్లలతో సహా నేనుండే హోసూరుకు తీసుకుపోదామని వాళ్ళ ఊరు కల్లావి వచ్చాను. కంపెనీలో సెలవు పెట్టి మరీ వచ్చాను. ఆడమనిషి ఒక్కతే ఇద్దరు పిల్లల్ని, మేకల మందను ఎట్లా నెగ్గుకొస్తుందని నా బాధ. ఆ మాట చెబితే అక్క లేచి మేకలు తోలుకొని చేను గట్టుకు పోయింది. విసుక్కుంటూ నేనూ వెంట పోయాను.

గట్టు మీది చింతచెట్టుకు ఎత్తులో ఒక తొర్ర. వేలు పట్టేంత సందు తప్ప దాని నోరంతా మట్టితో మూసి ఉంది. ఇంతలో బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి మాను పట్టుకొని వాలింది. పొడుగు తోక, వంకర ముక్కు, ముక్కు మీద చిన్న కొమ్ము. మెడ ఆడించి గొంతులోంచి మేడిపండు పైకి తెచ్చి సందులో పెట్టింది. లోపలి నుంచి ఇంకో ముక్కు కొన అందుకుంది. వెంటనే ఇంకో పండు. ఆ గొంతులో ఎన్ని దాచుకుందో తెలియదు.

లోపల ఉన్నది ఆడదని, పిల్లల్ని చేసిందని అక్క చెప్పింది. పెళ్ళాన్ని గోడ కట్టి మూసేసిన మొగుణ్ణి ఇక్కడే చూస్తున్నానని నేను నవ్వాను. అక్కకు నవ్వు రాలేదు.

"మూసింది మగది గాదురా. ఆడదే లోపల కూచోని, ముక్కుతో మెత్తి మూసుకొనింది. ఉగాదికి ముందు ఈడే నిలబడి చూసినాను."

అది మొదలు నాకు హోసూరు గుర్తుంటే ఒట్టు. పొద్దున్నే అక్క కంటే ముందు నేనే చెట్టు కింద ఉండేవాణ్ణి. అంత తోక లోపల ఎట్లా పట్టింది, చీకట్లో ఏం చేస్తుంది, రెట్ట ఎక్కడ వేస్తుంది అని అడిగి అడిగి అక్క ప్రాణం తీశాను. రెట్ట సందులోంచే బయటికి చిమ్ముతుందని నా చొక్కా మీద పడ్డాక తెలిసింది. లోపల ఉండగా దాని ఈకలు రాలిపోయి, పిల్లలు పెరిగేలోగా కొత్తవి మొలుస్తాయట.

ఒకరోజు మగది రాలేదు. మరునాడూ రాలేదు. గద్ద తన్నుకుపోయిందో, ఎవడి ఉండేలు దెబ్బ తగిలిందో. తొర్రలో పిల్లలు ఒకటే అరుపు. తెచ్చిపెట్టేవాడే పోతే దాని గతేమిటని కొడవలి పట్టుకొని చెట్టెక్కబోయాను. అక్క నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"పగలగొట్టొద్దు. రెక్కలు మొలిచిందీ లేందీ దానికి తెలుస్తాది."

అక్క ముఖం పాలిపోయి ఉంది. ఆమెకూ పూర్తి నమ్మకం లేదని అర్థమైంది. అయినా చొక్కా వదల్లేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోపల టకటకమని చప్పుడు. మట్టిపెళ్ళలు రాలాయి. ముందు ముక్కు, తర్వాత తల, ఆ తర్వాత నలిగిన రెక్కలు. పిట్ట బయటపడి కొమ్మ మీద కూలబడింది. ఎగరబోయి తూలింది. మళ్ళీ లేచి మేడిచెట్టు వైపు పోయింది. మేమిద్దరం చెట్టు కిందే కూర్చున్నాం. చాలాసేపటికి ముక్కున పండుతో తిరిగొచ్చి తొర్రలోకి తల దూర్చింది. అరుపులు ఆగాయి.

అక్క ఏడ్చేసింది. బావ పోయినప్పుడు కూడా నా ముందు అట్లా ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకొని నా వైపు తిరిగింది.

"నేను హోసూరుకు రాను రా, అనంతా. భయంగానే ఉండాది. అయినా రాను."

ఆ సాయంత్రం హోసూరు పోవడానికి మత్తూరు బస్సు ఒక్కడినే ఎక్కాను.