కోసేసిన ఏడు నెలలు

"చక్కెర వేసినావా, మరచినావా?" అని మా ఆయన వసారాలోంచి కేకేసినప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడి ఫోన్లో విమానం చూస్తున్నాను. మా పాప ప్రియదర్శిని నడిపే విమానం. ఢిల్లీ నుంచి మద్రాసుకు పోతూ ఆ పూట నాగపూర్ మీద ఉంది. పసుపుపచ్చ బొమ్మ, ఈగంత ఉంటుంది. అది కదులుతున్నంతసేపూ నాకు ఊపిరాడుతుంది. నెట్ ఆగి బొమ్మ నిలబడిపోతే, కూలిపోయిందనే అనుకుంటాను. ఆరేళ్ళుగా ఇదే బతుకు. "నువ్వు చూడకపోతే పడిపోతాదా అది?" అంటారు మా ఆయన. ఏలీయా మాస్టారు, ఆళ్ళగడ్డలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను పదో తరగతి తప్పినదాన్ని. అందుకని మా ఇంట్లో దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో ఆయనే తేలుస్తారు.

చక్కెర డబ్బా మూత తీస్తుండగా జీవన్ కుమార్ ఫోన్ చేశాడు.

జీవన్‌ది జూపాడు బంగ్లా అనే ఊరు. మా పాప, వాడు ఒకేచోట విమానం నేర్చుకున్నారు. ఆ హాస్టల్లో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. తర్వాత చెరొక కంపెనీలో చేరినా, సెలవు దొరికితే వాడు ముందు మా ఇంటికొచ్చి ఉగ్గాని, బజ్జీ తిని, ఆ తర్వాతే తన ఊరికి పోయేవాడు. "మా విమానంలో సీట్లు మెత్తన, మీవి బండలు" అని వాడు, "మీవోళ్ళు టైముకు ఎప్పుడు దిగినారప్పా?" అని ఇది, పళ్ళేల ముందరే కొట్లాడుకునేవాళ్ళు. పోయినేడు ఆ రెండు కంపెనీలూ కలిసి ఒకటయ్యాయి. ఇంక ఇద్దరూ ఒకచోటే, ఒకరికొకరు తోడుంటారు అని నేను ప్రార్థనలో స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

తోడూ లేదు, ఏమీ లేదు. కలిసిన మూడు నెలలకే పాప గొంతు మారిపోయింది. "పక్క సీట్లో ఆయన రెండున్నర గంటలు నాతో మాట్లాడలేదు మా. ఆ కంపెనీవోళ్ళు, ఈ కంపెనీవోళ్ళు అని గీత గీసుకున్నారు. టీ తాగుతావా అని గూడా అడగరు" అంది ఒకరోజు. "ఇద్దరూ మాట్లాడుకోకపోతే విమానం ఎట్ల పోతాది పాపా?" అన్నాను. "పోతాది మా. పనికి కావల్సిన మాటలు చెప్పుకుంటాం. తక్కినవే లేవు." ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. నీళ్ళు తోడినావా, అన్నం పెట్టు, చొక్కా యాడ? ముప్పై నాలుగేళ్ళుగా మా ఇల్లు కూడా అట్లాగే పోతోంది. మా పాపకు అది ఏడుపు తెప్పించింది. నేను దాన్ని కాపురం అనుకున్నాను.

"అమ్మా, ప్రియ నా ఫోన్ ఎత్తడం ల్యా," అన్నాడు జీవన్. "నువ్వన్నా చెప్పు. ఆ లిస్టు కంపెనీది. నేను రాసింది కాదు."

"ఏం లిస్టప్పా?"

"సీనియారిటీ లిస్టు మా. దాని వరసలోనే కెప్టెన్లను చేస్తారు. ప్రియ నాకంటే నాలుగు నెల్లు ముందు చేరింది. కానీ జీతం లేని సెలవని ఏడు నెల్లు కోసేసినారు. ఇప్పుడు నా కిందికొచ్చింది."

"ఏ ఏడు నెలలు?"

"నీ తుంటి ఎముక ఇరిగినప్పుడు మా."

మూడేళ్ళ కిందటి మాట. బాత్రూములో జారిపడ్డాను. ఆపరేషన్ చేశారు, అది చీము పట్టింది, మళ్ళీ కోశారు. "మా కంపెనీవోళ్ళు మంచోళ్ళు మా, జీతమిచ్చి పంపినారు" అంది పాప. నేను నమ్మాను. ఆ మంచివాళ్ళ కోసం పడకలోనే ప్రార్థన చేశాను.

"ఆ రూలు చెప్పినప్పుడు మీటింగులో మావోళ్ళంతా చప్పట్లు కొట్టినారు," అన్నాడు జీవన్. "పక్కనోళ్ళు చూస్తాండారని నేనూ కొట్టినా మా. ప్రియ ముందు వరసలోనే ఉండె. తిరిగి చూసింది."

నాలుగు రోజులకు పాప వచ్చింది. హైదరాబాదు నుంచి నంద్యాలకు రైలు, అక్కడి నుంచి బస్సు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఇంగ్లీషులో ఉంది. ఒక్కొక్క వరసా తెలుగులో చెప్పింది. రోగిని చూసుకోవడానికి ఇంట్లో వేరే ఎవరూ లేక సెలవు పెట్టి ఉంటే ఆ నెలలు తిరిగి కలుపుతారు. ఉండి కూడా పెట్టి ఉంటే అది సొంత ఇష్టం, కోసింది కోసినట్టే. ఎవరెవరున్నారో రోగే తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. తెలుగులో రాసినా చెల్లుతుంది.

"కలిపితే?" అన్నాను.

"ఈసారి కెప్టెన్లయ్యే పేర్లలో ఆఖరిది జీవన్‌ది మా. నేను ఎక్కితే వాడు దిగుతాడు. దిగినోళ్ళకు మళ్ళీ నాలుగేండ్లో, ఐదేండ్లో."

మా ఆయన వెంటనే కొడుకు ఎడ్విన్‌కు ఫోన్ చేశారు. మా పెద్దవాడు, నంద్యాలలో విత్తనాల అంగడి. గంటలో బండి మీద వచ్చేశాడు.

"తల్లీకూతుళ్ళు కలిసి మమ్మల్ని చచ్చినోళ్ళలో రాస్తారా?" అన్నారు మా ఆయన. "నేను ఇంట్లోనే ఉంటిని గదే. ఒక్క పొద్దన్నా ఊరిడిసి పోతినా?"

నిజమే, పోలేదు. "నాకా వాసన పడదు" అని ఏడు నెలలూ వసారాలో పడుకున్నారు.

"దేవుని బిడ్డవు. అబద్ధానికి సంతకం పెడతావా? రేపు వాళ్ళొచ్చి ఈదిలో విచారిస్తే?"

వస్తారు. ఎదురింటి భారతమ్మను అడుగుతారు. పాప లైసెన్సు గుంజుకుంటారు, పేపర్లో వేస్తారు. రెప్పపాటులో ఇదంతా చూసేశాను.

"వారం వారం పండ్లు తెచ్చినా గదమ్మా నేను," అన్నాడు ఎడ్విన్. "బత్తాయిలు." తెచ్చాడు. ఒలిచి పెట్టింది పాప. "మగోన్ని, బెడ్ పాన్ పెట్టమంటావా నన్ను? నా పెండ్లాం కాన్పుకు పోయుండె. అయినా, రారా అని నాకు ఒక్క ఫోనన్నా చేసినావా నువ్వు?"

నేను ప్రియ తెచ్చిన కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

"వద్దులే మా," అంది ప్రియ. "ఉన్నారనే రాయి. అడగడం నాదే తప్పు." నూట ఎనభై మందిని మోసుకుని మబ్బుల్లో పోయే పిల్ల, గోడకు ఆనుకుని, కాలి వేలితో నేల గీరుతూ నిలబడింది. బళ్ళో దెబ్బలు తిని వచ్చిన రోజున ఇట్లాగే నిలబడేది.

అబద్ధం రాయకూడదనే అనుకున్నాను. ఆ ఏడు నెలలూ ఒక్కొక్క రోజే వెతికాను. పక్క మార్చింది ఎవరు, పుండు కడిగింది ఎవరు, తల దువ్వింది ఎవరు. ఆయనదిగా ఒక్క పని దొరికినా ఉన్నారనే రాసేద్దామని వెతికాను. ఒకటి దొరికింది. పాప మందులకు పోయిన మధ్యాహ్నం నేను నీళ్ళడిగితే ఆయన తెచ్చారు. గ్లాసు కిటికీలో పెట్టి పోయారు. నా చెయ్యి అంత దూరం అందదని ఆయనకు తోచలేదు. పాప వచ్చేదాకా ఆ గ్లాసును చూస్తూ పడుకున్నాను. ఆయన నిద్ర చెడుతుందని మళ్ళీ పిలవలేదు.

పెన్ను తీసుకున్నాను. జీవన్ కళ్ళ ముందుకొచ్చాడు, బుగ్గ నిండా బజ్జీ పెట్టుకుని నవ్వుతూ. ఆ బజ్జీలు వేసిన చేత్తోనే వాణ్ణి కిందికి దించుతున్నానని తెలిసే, 'ఎవరూ లేరు' అని రాశాను. కింద కృపమ్మ అని సంతకం పెట్టాను.

మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. "మంచిదమ్మా. ఇంగ లేనోళ్ళమే," అని ఎడ్విన్ అన్నం కూడా తినకుండా బండి తీశాడు. ఆ చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఇద్దరం కదలలేదు.

"నీతో అబద్ధం రాయించినా గదా మా," అంది ప్రియ.

"అబద్ధం కాదు పాపా." ఎన్నటికీ చెప్పకూడదనుకున్నది నా నోట్లోంచి వచ్చేసింది. "అన్న అడిగిందీ నిజమే. వాణ్ణి నేను పిలవనే లేదు. వాడు ఈడ నంద్యాలలో, నువ్వు యాడో ఢిల్లీలో. పడినప్పుడు నీకే చేసినా. మీ నాయన చెయ్యమన్లేదు. నీ ఏడు నెలలు కంపెనీ కంటే ముందు నేనే కోసినా."

పాప కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. జిప్పు వేసేదాకా తల ఎత్తలేదు.

"తెలుసు మా," అంది. "ఆ పొద్దు ఫోన్ ఎత్తంగానే నేను అడిగింది గూడా అదే. అన్న వచ్చినాడా అని. 'పాపం, వాడికి అంగడి ఉంది గదా' అన్నావు."