గోడ కింద నీలిమందు

వెనకగది గోడ బీటలు వారిన నాటినుంచి లౌర్డిస్ పక్కింటి జుసారాను తిట్టని రోజు లేదు. ఆ వీధిలో ప్రతి ఇల్లాలూ పొద్దున్నే నీళ్ల గొట్టం పెట్టి వాకిలి కడుగుతుంది. జుసారా మరీ విడ్డూరం. ఆకు రాలితే కడుగుతుంది, కుక్క నడిస్తే కడుగుతుంది. ఆ నీళ్లన్నీ తన గోడ కిందికే ఇంకుతున్నాయని లౌర్డిస్ వాదన. ఆ గదిలోనే మంచం దిగలేని తల్లి ఉంది మరి. మా అమ్మను బతికుండగానే పూడ్చిపెడతావా అని జుసారా గేటు పట్టుకుని వీధంతా వినేలా అరిచింది. భర్త వాల్డెసీర్ వెనక నిలబడి వంత పాడాడు.

జుసారా ఆ రోజే గొట్టం చుట్టి లోపల పెట్టేసింది. కడగని వాకిలితో ఆ వీధిలో తలెత్తుకు తిరగడం ఎంత కష్టమో అక్కడి ఆడవాళ్లకే తెలుసు. బీట మాత్రం పెరుగుతూనే ఉంది.

చివరికి పురపాలక ఇంజనీరు వచ్చి గోడ పక్కన తవ్వించాడు. ఇక్కడి ఎర్రమట్టి, కిందనున్న రాయి చివికి ఏర్పడిందేననీ, లోపలంతా సన్నసన్న ఖాళీలేననీ చెప్పాడు. ఎండి ఉన్నంతకాలం ఇంటిని మోస్తుందట. తడి తగిలితే పట్టు వదిలేసి, ఉన్నపళంగా కుంగిపోతుందట. ఆయన చెబుతూనే ఉన్నాడు, లౌర్డిస్ గుంటలోకి చూసింది. మట్టి నీలంగా ఉంది.

చర్చి బల్లగుడ్డలు ఉతికి నీలిమందు పెట్టేది ఆ వీధి మొత్తానికి తనొక్కతే. ఉతుకు తొట్టి నీళ్లు పోయే గొట్టాన్ని మురుగుకాలువకు కలపమని మొగుడికి ఎప్పుడో చెప్పింది. కలిపేశానన్నాడు. ఇప్పుడు గుంటలో ఆ గొట్టం గోడ వారనే ఆగిపోయి కనిపించింది.

"నీకు తెలుసా ఇది?" అని పక్కనే ఉన్న మొగుణ్ణి అడిగింది.

"నేల రాయిలా ఉంది, గడ్డపార దిగలేదు. వానలు పడ్డాక తవ్వుదామనుకున్నా," అని గొణిగాడు వాల్డెసీర్. "ఈలోగా నువ్వు ఆవిడ మీద పడ్డావు. ఇంకేం చెప్పమంటావ్?"

లౌర్డిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గడ్డపార ఎత్తడానికి బద్ధకించిన మనిషికి, పాపం ఎరగని ఆడదాన్ని తిట్టడానికి మాత్రం ఓపిక వచ్చింది. గోడ పోయినందుకు కాదు, నోరు మూసుకుని తన చేత అన్ని మాటలూ అనిపించినందుకు అతన్ని నమిలేయాలనిపించింది.

చీకటి పడేలోగా ఇల్లు ఖాళీ చేయమన్నాడు ఇంజనీరు. ఎక్కడికని ఆలోచించేలోపే జుసారా వచ్చి తల్లి మంచం ఒక కొస పట్టుకుంది.

"ముందు అమ్మని మా ఇంటికి మోయండి. మిగతాది తర్వాత."

తల్లిని జుసారా ముందుగదిలో పడుకోబెట్టాక, లౌర్డిస్ మొగుణ్ణి రెక్క పట్టి ఆ గేటు దగ్గరికే లాక్కొచ్చింది. ఇరుగుపొరుగు పోగయ్యారు. వాల్డెసీర్ నేల చూపులు చూస్తూ, తప్పు తనదేనని గొంతులోనే నసిగాడు.

"గట్టిగా చెప్పు," అంది లౌర్డిస్. "నేను తిట్టింది వీధి చివరిదాకా వినపడింది."

అతను గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత, అంతే గట్టిగా జుసారాను క్షమించమని అడగడం లౌర్డిస్ వంతు అయింది.