పెంచినవాళ్లు అనే మాట

ఉద్యోగుల వైద్యానికి సర్కారు పెట్టే ఖర్చు తగ్గించే బిల్లు న్యాయశాఖలో తయారవుతోంది. దాన్ని రాస్తున్న గుమాస్తాను ఆఫీసులో అందరూ కామా అని పిలిచేవారు. ఎక్కడైనా కామా తప్పిపోతే అన్నం సహించని మనిషి. మూడో సెక్షన్‌లో 'కుటుంబం అనగా' అని మొదలుపెట్టి భర్త, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అని రాసి కలం ఆపాడు. ఆ వరసలో అక్క లేదు.

తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు, అక్కకు పదహారు. లారీ నడిపే తండ్రి నెలకోసారి ఇంటిముఖం చూసేవాడు. అక్క కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది, పెళ్లి మాట తలపెట్టలేదు. ఇప్పుడామె రెండు కళ్లలోనూ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వస్తోంది.

అతను 'ఉద్యోగిని పెంచి పెద్దచేసిన ఒక వ్యక్తి' అని చేర్చి పెద్దసారు ముందు పెట్టాడు.

"చట్టం నీ ఇంటికోసం రాస్తున్నావా?"

"నా ఇంటికోసమే మొదలుపెట్టాను సార్. ఆఫీసులో అడిగితే ఇంకా తొమ్మిది ఇళ్లు తేలాయి. అటెండర్ని పెంచింది మేనత్త, టైపిస్టుని పెంచింది పిన్ని."

"ఖర్చు తగ్గించమంటే మనుషుల్ని పెంచుతున్నావయ్యా," అన్నారు పెద్దసారు. అయినా ఆ మాట కొట్టేయలేదు.

సభాసంఘం ఒప్పుకుంది గానీ పక్కన 'తగిన రుజువుతో' అని తగిలించింది. బిల్లు చట్టమైంది.

రుజువు కోసం తను చదివిన బడికి వెళ్లాడు. పాత రిజిస్టర్లలో సంరక్షకుడి గడి నిండా తండ్రి సంతకాలే. ఇంటికొచ్చి చెబితే అక్క పగలబడి నవ్వింది.

"నాన్న ఎప్పుడొచ్చాడ్రా బడికి? అవన్నీ నేను పెట్టినవే. చిన్నపిల్లవి, నీ సంతకం చెల్లదన్నారు. మధ్యలో మారిస్తే అనుమానమొస్తుందని చివరిదాకా అదే పెట్టా."

"దొంగ సంతకాలా!"

"సంతకం దొంగదైతే నీ చదువు దొంగదైపోతుందా?"

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఆ రోజుల్లో అక్కడే కొత్తగా చేరిన పంతులమ్మ. అక్కను ఎగాదిగా చూసి, "ఇంటికెళ్లి పెట్టించుకొస్తానని చెప్పి, నా కిటికీ అవతలే కూర్చుని పెట్టేదానివి కదూ?" అంది.

అక్క తల దించుకుంది.

"చూసీ చూడనట్టు ఊరుకున్నాలే," అంటూ ఆమె తెల్లకాగితం అందుకుంది.

"ఇది రాసిస్తే మీకు మాటొస్తుందేమో మేడమ్," అన్నాడతను.

"రానీ బాబూ. ఎటూ ఈ ఏడాదే రిటైరవుతున్నా."

చూసింది చూసినట్టు రాసి సంతకం చేసింది. ఆ ఉత్తరం మూడు బల్లలు తిరిగి, రెండు నెలలకు వైద్యం కార్డుగా వచ్చింది.

మొదటి కంటికి కట్టు విప్పిన రోజున అక్క తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఇంత జుట్టు ఎప్పుడు తెల్లబడిందిరా నీకు? నాకెవరూ చెప్పలేదే!"

రెండో కంటికి తేదీ రాయించుకుని ఇద్దరూ బస్సెక్కారు.