నాలుగు పక్కన

మధ్యాహ్నం రెండు దాటితే బస్టాండు రేకుల కప్పు వేడెక్కుతుంది. వేడెక్కిన రేకు సాగుతుంది. సాగినప్పుడు దాని మడతల్లో ఇరుక్కున్న పాత మాటలు వదులై కింద పడతాయి. అందుకే ఊడ్చే ఆవిడ ఆ వేళ చీపురు ముట్టదు. "ఇప్పుడు ఊడిస్తే మళ్ళీ నాలుగింటికి ఊడవాలి. నాకేమన్నా రెండు నడుములున్నాయా?" అంటుంది.

పడేవన్నీ ప్రకటనలే. ఎప్పుడో వెళ్ళిపోయిన బస్సులు, ఎవరో మరిచిపోయిన గొడుగులు, అమ్మ చెయ్యి వదిలేసి తప్పిపోయి పది నిమిషాల్లో దొరికిన పిల్లలు. ప్రయాణికులు వాటిని పట్టించుకోరు. కొత్త మాట మైకు గొట్టంలోంచి మోగుతూ వస్తుంది. పాత మాట నేరుగా నెత్తిన పడుతుంది, కొంచెం తుప్పు వాసనతో. ఊరికి కొత్తవాళ్ళు పొరబడి సంచీ భుజాన వేసుకుని లేస్తే పక్కవాళ్ళు చెయ్యి పట్టి కూర్చోబెడతారు.

"అది పాతదండీ. ఆ బస్సు వెళ్ళి పన్నెండేళ్ళయింది."

ఆ మాటల్లో చాలా వరకు ఒకే గొంతు. ఇరవై తొమ్మిదేళ్ళుగా మైకు గదిలో కూర్చున్న ఆవిడది. ఊరంతా ఆమెను మైకమ్మ అంటారు. అక్షరం అక్షరం విడివిడిగా, కడిగి ఆరబెట్టినట్టు ఉంటుంది ఆమె పలుకు. పిల్లలకు ఒత్తులు రాకపోతే బస్టాండులో ఓ గంట కూర్చోబెట్టమని పంతుళ్ళే చెప్పేవారు.

ఇప్పుడు మైకమ్మకు పై వరసలో ముందుపళ్ళు నాలుగూ లేవు.

చిగుళ్ళు వదిలేసి రెండేళ్ళుగా ఊగుతున్న పళ్ళను పళ్ళ డాక్టరమ్మ తీసేసింది. వాటి చోట దవడ ఎముకలోకి రెండు స్క్రూలు దించి, పైన చిగురు కప్పి కుట్లు వేసింది. ఎముక స్క్రూను పట్టుకోవడానికి మూడు నెలలు పడుతుందని, ఆ తర్వాతే పళ్ళు బిగిస్తానని చెప్పింది. ఈలోపు పెట్టుకోవడానికి ఒక ప్లేటు చేసి ఇచ్చింది గానీ, అది పెట్టుకుంటే కుట్లు ఒరుసుకుని ప్రాణం జివ్వుమంటోంది. కొన్నాళ్ళు మానేయమంది.

మొదటి మూడు రోజులు మంచు ముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గకు ఆనించుకుని కూర్చుంది. నాలుగో రోజు వాపు కంటి కిందికి పాకింది. ఆరో రోజుకు వాపు తగ్గి సలుపు మిగిలింది. నొప్పికి మాత్రలున్నాయి. దిగులుకు లేవు. స్క్రూ వదులైందేమో, ఎముక పట్టుకోలేదేమో అని అరగంటకోసారి నాలుకతో తడుముకునేది.

"స్క్రూ కడులుటోండి డాక్టరుగారూ," అంది ఏడో రోజు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని.

డాక్టరమ్మ దీపం వేసి చూసింది. "కదుల్తోంది మీ నాలుకమ్మా, స్క్రూ కాదు. దాన్ని కాస్త కుదురుగా కూర్చోమనండి."

ఆమెకు అసలు భయం ఎముక గురించి కాదు. నాలుక గురించే. త అనబోతే నాలుకకు ఆనడానికి పళ్ళు లేవు. అది వెనక్కి పోయి అంగిటిని తాకుతోంది. త కాస్తా ట అవుతోంది. ద కాస్తా డ అవుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఊరికి పలుకు నేర్పిన నోట్లోంచి పాత అంటే పాట వస్తోంది, గది అంటే గడి వస్తోంది.

కింది వాటాలో బట్టలు కుట్టే చెల్లెలు పూటకోసారి చల్లార్చిన జావ పట్టుకొచ్చేది.

"పంటి బిగువున ఓర్చుకో అక్కా, ఎన్నాళ్ళు!"

"బిగించడానికి ఏవీ?"

చెల్లెలు నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టింది. "రోజుకు పాతికసార్లు అద్దంలో నోరు తెరిచి చూసుకుంటే ఎముక తొందరగా అతుక్కుంటుందా? అద్దానికే జడుపు జ్వరం వచ్చేలా ఉంది."

"నువ్వు నోరు ముయ్యి."

"చూశావా! తిట్టు మాత్రం శుభ్రంగా వచ్చింది."

మైకమ్మకు నవ్వొచ్చింది, కుట్లు లాగాయి, నవ్వు ఆగిపోయింది.

ఎనిమిదో రోజు పనిలోకి వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే నాలుక ఊరుకోవడం లేదు. అదే పొరబాటైంది.

ఆ బస్టాండు నుంచి మధ్యాహ్నం మూడున్నరకు చెక్కలు కోసే మిల్లుకు ఒక బస్సు వెళ్తుంది. దాని నుదుటి బోర్డు మీద 'కోత' అని ఉంటుంది. పది నిమిషాల తర్వాత పాడుబడ్డ కోట దాకా ఇంకో బస్సు వెళ్తుంది. దాని మీద 'కోట' అని ఉంటుంది. మైకమ్మ కోత బస్సు మూడో నంబరులో ఉందని చెప్పింది. గొట్టాల్లోంచి కోట అని వినిపించింది. కోటకు వెళ్ళాల్సిన ఏడుగురు పరుగున వెళ్ళి మిల్లు బస్సు ఎక్కారు. వాళ్ళలో ఒక ఫొటోగ్రాఫరూ కొత్తగా పెళ్ళయిన జంటా ఉన్నారు. కోట మెట్ల మీద తీయించుకోవాల్సిన ఫొటోలు రంపపు పొట్టు కుప్పల మధ్య తీయించుకున్నారు. మిల్లుకు క్యారేజీలు పట్టుకెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు తమ బస్సును ఇంకా పిలవలేదనుకుని బెంచీ మీదే ఉండిపోయారు. సాయంత్రం దాకా మిల్లులో ఇద్దరు ఆకలితో రంపం లాగారు.

మేనేజరు చిన్నవాడు. కోప్పడే రకం కాదు, అదే ఇంకా కష్టం.

"మేడమ్, మీరు ఇబ్బంది పడొద్దు. పార్సిల్ గదిలో కూర్చోండి. అక్కడ మాట్లాడే పనే లేదు. మూటలు ఎవరితోనూ పలకవుగా."

"మూడు నెలలు ఆగలేరా సార్?"

"మైకు ఖాళీగా ఉంచలేను కదా. కొత్త మనిషిని వేస్తాను. వేశాక మళ్ళీ తీసేయడం బాగోదు. రేపు నాలుగింటికి నేను డిపో నుంచి వస్తాను. ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి."

మర్నాడు ఆమె రెండున్నరకే వచ్చింది. మైకు గదిలో టికెట్ల గుమాస్తా కూర్చుని ఉన్నాడు. వాడు మైకులో మాట్లాడితే దుప్పట్లోంచి మాట్లాడినట్టుంటుంది. ఆమె లోపలికి వెళ్ళలేదు. మడిచిన కాగితం చేతి సంచీలో పెట్టుకుని హాలు మధ్యలో, కప్పు అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట, బెంచీ మీద కూర్చుంది. చిగుళ్ళు సలుపుతున్నాయి. ఎండ ఆ ఏటికల్లా ఎక్కువగా ఉంది. రేకులు టపటపమంటున్నాయి.

మొదట ఆమె గొంతే పడింది. "దయచేసి వినండి. తోటలకు వెళ్ళే బస్సు పది నిమిషాలు ఆలస్యంగా..." ఇరవయ్యేళ్ళ కిందటిదై ఉంటుంది. ఆ త చూడు, గిల్లితే పాలు కారేలా ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఏ చీర కట్టుకుందో కూడా గుర్తొచ్చింది.

తర్వాత చాలాసేపు ఏమీ పడలేదు. మూడు కావస్తుండగా కప్పు నడినెత్తిన, ఎప్పుడూ కదలని మడతలోంచి, ఇంకో గొంతు జారింది. మగ గొంతు. మెత్తగా, తొందర లేకుండా.

"అయ్యలూ, అమ్మలూ. రంపాల మిల్లు బస్సు మూడో నంబరు. రేవు బస్సు నాలుగు పక్కన. పిల్లల చెయ్యి పట్టుకోండి. సామాను చూసుకోండి. మెల్లగా ఎక్కండి. బస్సు మీ కోసమే."

ఆమెకంటే ముందు ఆ గదిలో కూర్చున్న పెద్దాయన. మైకు మామ అనేవారు. గుబురు మీసం పై పెదవి దాటి కిందికి వేలాడేది. నవ్వితే మీసమే నవ్వేది. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అడిగినదానికి ఊ అనో సరే అనో తప్ప మాట్లాడేవాడు కాదు. ఆయన దగ్గర ఆమె ఏడాది పని నేర్చుకుంది. మైకు మూతి మీద గుడ్డ ఎలా కప్పాలో, బస్సుల వేళలు నీలి సిరాతో ఎలా రాసుకోవాలో, గొంతు ఆరిపోతే నీళ్ళు ఎంత మాత్రమే తాగాలో చేసి చూపించేవాడు, చెప్పేవాడు కాదు.

ఆయన దిగిపోయాక ఆమె చేసిన మొదటి పని ఆయన భాషను శుభ్రం చేయడం. బోర్డు మీద కోత అని ఉంటే రంపాల మిల్లు ఏమిటి, కోత అనాలి. ఐదో నంబరుకు అచ్చమైన ఐదు ఉండగా నాలుగు పక్కన ఏమిటి. 'పాతకాలం మోటు మాటలు' అని ఆఫీసులో ఆయన్ను అనుకరించి నవ్వించింది కూడా. అయినా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ రేవుకు వెళ్ళేవాళ్ళతో నాలుగు పక్కన ఎక్కమనే చెబుతారు.

గొంతు ఇంకోసారి పడింది. ఈసారి ఆమె అలవాటు కొద్దీ అక్షరాలు విన్నది. అయ్యలూ. అమ్మలూ. రంపాల. పక్కన. ఎక్కండి.

మూడో మాటకే వీపు నిటారైంది.

త లేదు. ద లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. బస్సు ఉంది అనలేదు, ఉందిలో ద ఉంది. దయచేసి అనలేదు. ఐదు అనలేదు. మోటు మాటలు కావు అవి. పళ్ళు లేని మనిషి, ఏళ్ళ తరబడి, ఊళ్ళో ఒక్కరికీ అనుమానం రాకుండా, రోజుకు అరవై బస్సులను రాళ్ళు ఏరిన బియ్యంలా ఏరి పంపించాడు.

ఆమె నోరు తెరిచి, చిన్నగా, తనకు మాత్రమే వినిపించేలా అంది: "రంపాల మిల్లు."

ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

పక్కన కూర్చున్న ముసలామె ఆమె మోకాలు తట్టింది. "అది పాతదమ్మా. నువ్వు లేవకు."

అప్పుడు ఆమెకు మరో సంగతి తట్టింది, నొప్పి కన్నా లోతుగా. ఏడాది మొత్తం ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు. అమ్మాయ్, అనేవాడు. మిగతావాళ్ళను రంగా అనీ శేషమ్మా అనీ పిలిచేవాడు. తనంటే గిట్టదనుకుంది. తన చోటికి వచ్చిన పిల్ల కాబట్టి ఓర్వలేడనుకుంది. ఆయన పోయినప్పుడు చూడటానికి కూడా వెళ్ళలేదు. ఆమె పేరులో మొదటి అక్షరం ద. చివరిది త.

రేకు మరోసారి టప్పుమంది. ఆ మడతలో మిగిలిన ఆఖరి ముక్క ఊడి పడింది. గొంతు మైకుకు బాగా దగ్గరగా ఉంది, ఊపిరి కూడా వినిపిస్తోంది. వెనకాల బస్సుల చప్పుడు లేదు. ఆయన ఆఖరి రోజు అయి ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆమె కాగితాల మీద సంతకాలు పెట్టడానికి మేనేజరు గదికి వెళ్ళింది. హాల్లో ఇద్దరో ముగ్గురో ఉన్నారేమో.

"అయ్యలూ, అమ్మలూ. రేపటి నుంచి ఇక్కడ మా అమ్మాయి. మంచి పలుకు. నాకంటే మేలు. పేరు..."

ఆగాడు. డ అని మొదలుపెట్టి మానేశాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ డ దగ్గర తట్టుకున్నాడు. నీళ్ళు తాగిన చప్పుడు. మూడోసారి, దాటవేయడానికి వీలులేని ఆ ఒక్క మాటను, పేరుకు పక్క పేరు ఉండదు గనుక, డ తోనే మొదలుపెట్టి ట తోనే పూర్తి చేశాడు. మైకు టక్కుమని ఆగింది.

ఆ పేరును అలా పలికే నోరు ఇప్పుడు ఊళ్ళో ఒక్కటే ఉంది.

మైకమ్మ లేచింది. మూడూ ఇరవై అయింది. మైకు గది తలుపు తోసింది. గుమాస్తా తల తిప్పి చూశాడు.

"లే," అంది.

"మేడమ్, సార్ మీకు పార్సిల్..."

ఆమె ఒక క్షణం ఆగింది. ఇక ముందు చాలాసార్లు అలా ఆగాల్సి ఉంటుందని ఆమెకు తెలుసు. "మేనేజరుగారికి చెప్పు. పార్సిల్ రూముకి ఇంకెవర్నయినా చూసుకోమను. మైకు నాకే."

వాడు లేచాడు. ఆమె కూర్చుని మైకు మూతి మీది గుడ్డ సర్దింది. స్క్రూలున్న చోట నరం ఒకటి గుండెతో పాటు కొట్టుకుంటోంది. నాలుకను కుదురుగా కూర్చోబెట్టింది. మీట నొక్కింది.

"అయ్యలూ, అమ్మలూ. రంపాల మిల్లు బస్సు మూడో నంబరు. రేవు బస్సు నాలుగు పక్కన. సామాను చూసుకోండి. మెల్లగా ఎక్కండి. బస్సు మీ కోసమే."

మీట వదలకుండా మైకుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"మైకులో," అని తన పేరు చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఎలా వస్తే అలా, డ తో, ట తో.

హాల్లో క్యారేజీల ఆడవాళ్ళు ఇద్దరూ లేచారు. చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్న ఊడ్చే ఆవిడ తలెత్తి ఒకసారి కప్పువైపు, ఒకసారి గొట్టంవైపు చూసి, "ఇది కొత్తదే," అంది ఎవరితోనో. వడ్రంగి ఒకడు సంచీ తీసుకున్నాడు. మూడున్నరకు మిల్లు బస్సు కదిలింది. కోటకు వెళ్ళేవాళ్ళు ఒక్కరూ బెంచీల మీంచి లేవలేదు.