కుడి సీటు, ఎడమ చెవి

ఆ కబురు వచ్చేసరికి ఇద్దరూ రాజమండ్రి మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ కొట్టు ముందు నిలబడి ఉన్నారు. హైమ గ్లాసు మీది మీగడ చెంచాతో తీసుకు తింటోంది. సూర్యతేజ ఫోను చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. ఆనక ఫోను ఆమె చేతిలో పెట్టేసి, కళ్ళు తుడుచుకోవడానికి రోడ్డుకేసి తిరిగాడు. ఎయిర్‌లైన్ వాళ్ళ మెయిలు. ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో-పైలట్‌గా, వచ్చే నెలలో చేరమన్నారు.

హైమ వేసిన కేకకి కొట్టతను ఉలిక్కిపడి పాలు ఒలకబోశాడు.

"మా ఆయన విమానం నడుపుతారండీ!" అని పక్కనున్న పెద్దావిడతో చెప్పేసింది, ఎవరో ఏమిటో తెలియకుండానే.

ఆవిడ సూర్యతేజని ఎగాదిగా చూసింది. "ఇంత బక్కగా ఉన్నాడు, లేపగలడంటావా అమ్మా?"

పైలట్ లైసెన్సు చేతికొచ్చి ఏళ్ళు గడిచినా పిలుపు రాక, సూర్యతేజ ట్యుటోరియల్లో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటున్నాడు. "మీ అల్లుడు ఎగిరేదెప్పుడండీ?" అని రామచంద్రపురంలో హైమ వాళ్ళ నాన్నగారిని అడగనివాళ్ళు లేరు. అందరి నోళ్ళూ ఒక్క మెయిలుతో మూతపడ్డాయి.

పెళ్ళయి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో హైమ పోగేసుకున్న చిన్న చిన్న సంతోషాలకి అంతులేదు. నడిచేటప్పుడు అతను ఎక్కడున్నా చుట్టు తిరిగొచ్చి ఆమెకి ఎడమ పక్కన చేరేవాడు. "బళ్ళ వైపు పెళ్ళాన్ని పెట్టి తను లోపలగా నడుస్తాడేంటే మీ ఆయన?" అని స్నేహితురాలు వర్షిణి వెక్కిరిస్తే, "నీకేం తెలుసు, నా గుండె ఉన్న పక్కన నడుస్తారు" అంది హైమ. ఆమె మాట్లాడుతుంటే అతను పెదవుల మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఒక్కోసారి ఎంత పిలిచినా పలకడు. దగ్గరికెళ్ళి భుజం తట్టాల్సిందే. తట్టించుకోవడానికే ఆ వేషాలని మురిసిపోయేది.

ఉద్యోగంలో చేరేలోగా హెడ్‌సెట్ కొనుక్కోవాలి. కాక్‌పిట్‌లో కంపెనీది ఉంటుంది గానీ, పదిమంది చెవులకి పెట్టుకున్నది తగిలించుకోవడం ఇష్టంలేక చాలామంది సొంతది తెచ్చుకుంటారట. అది తనే కొనివ్వాలని హైమ ముచ్చట. మంగళసూత్రానికి బదులుగా అతని మెడలో తను వేసే హారమంటూ నవ్వింది కూడా.

ఏది కొనాలో తేల్చుకోవడానికి ఆ ఆదివారం దానవాయిపేటలో కెప్టెన్ విశ్వనాథ్ గారింటికి వెళ్ళారు. ఆయన సూర్యతేజకి మేనమామ వరస. ఆ లెక్కన హైమకి బాబాయి అవుతాడు. సెలవు మీద వచ్చి ఉన్నాడు. భోజనాల బల్ల మీద మూడు హెడ్‌సెట్లు, గాజుల బేరగాడిలా పరిచిపెట్టాడు.

"కొనేముందు పెట్టుకు చూడాలిరా అల్లుడూ. ఎవరి చెవి వాళ్ళదే. ఈ పెద్దదుంది చూశావూ, రెండు పిన్నులది, ఇది నువ్వు నేర్చుకున్న చిన్న విమానాలకి. మా జెట్‌లో దీని పిన్నులు పట్టవు. ఈ రెండోది రెండు చెవులూ పూర్తిగా మూసేస్తుంది. చప్పుడు తగ్గిస్తుంది గానీ బరువు. ఈ మూడోది దూది పింజ. చెవి మీద ఊరికే ఆని ఉంటుంది. గంటల తరబడి తల మీద మోసేవాడికి ఇదే హాయి."

"బాబాయిగారూ, చెవి పూర్తిగా మూయకపోతే చప్పుడు వినపడదా?" అంది హైమ.

"వినపడాలమ్మా! ఫస్ట్ ఆఫీసరుది కుడి సీటు. కెప్టెన్ ఎడమ పక్క. అందుకని కుడి చెవికి రేడియో వదిలేసి, ఎడమ చెవి మీది కప్పు కాస్త వెనక్కి తోసుకుంటాం చాలామందిమి. పక్కవాడు మామూలుగా అన్న మాట మామూలుగా చెవిన పడాలి. ఉండు, చూపిస్తాను." రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఎడమ కుర్చీలో తను కూర్చుని, వంటింట్లోకి కేకేశాడు. "సత్యా! ఆ మిక్సీ వెయ్యి. ఇంజనుకి కావాలి!"

"కొబ్బరి పచ్చడికి వేస్తున్నాను. మీ ఇంజనుకి కాదు," అంది సత్యశ్రీ పిన్ని లోపల్నుంచి.

మిక్సీ బర్రుమంది. సూర్యతేజ తేలికపాటి హెడ్‌సెట్ పెట్టుకుని, ఎడమ కప్పు వెనక్కి తోసి, ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"గేర్ పైకి," అన్నాడు విశ్వనాథ్, చక్రాలు లోపలికి మడవమన్నట్టు, ముందుకి చూస్తూనే.

సూర్యతేజ గోడనే చూస్తున్నాడు.

"గేర్ పైకిరా అల్లుడూ."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. విశ్వనాథ్ పగలబడి నవ్వాడు. "కొత్త పెళ్ళికొడుకు! గోడ మీద కూడా పెళ్ళామే కనిపిస్తోంది వీడికి!"

"మీరు పలికారా పెళ్ళైన కొత్తలో?" మిక్సీ ఆపి గుమ్మంలోకి వచ్చింది సత్యశ్రీ. "కొత్తలో ఏం ఖర్మ, ఇప్పటికీ పలకరు."

అందరూ నవ్వారు. అందరి మొహాలూ చూశాక సూర్యతేజ కూడా హెడ్‌సెట్ తీసేసి నవ్వాడు. "నాకు ఈ రెండోదే బాగుంది మావయ్యా. రెండు చెవులూ మూసేది."

"ఎందుకురా ఆ బరువు?"

"రెండూ మూసుకుంటేనే బాగుంటుంది నాకు."

"నీ చెవులు, నీ ఇష్టం. రెండూ పట్టికెళ్ళి ఇంట్లో పెట్టుకు చూడు."

హైమ మాత్రం నవ్వడం ఆపేసింది. అతనికి ఎడమ పక్కగా వంగి, మెల్లిగా, "ఏమండీ, మంచినీళ్ళు కావాలా?" అంది. మిక్సీ ఆగే ఉంది. అతను పలకలేదు. ఆమె కుర్చీ చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, అవే మాటలు, అంతే మెల్లిగా అంది.

"వద్దు హైమా," అన్నాడు వెంటనే.

ఇన్నాళ్ళూ ప్రేమనుకుని దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే లేచి ఎదురుగా నిలబడ్డాయి. ఎడమ పక్కన నడవడం ఆమె గుండె కోసం కాదు, తన కుడి చెవి ఆమె వైపు ఉండాలని. పెదవులకేసి చూడటం మోహం కాదు, మాట అందక. భుజం తట్టించుకోవడం ఆట కాదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ని గోదావరి గట్టున ఆపించింది. మెట్ల మీద అతనికి కుడి పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

అతను బుకాయించబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "మన పెళ్ళి ఊరేగింపు మర్నాటి నుంచి."

హైమ కళ్ళు మూసుకుంది. సన్నాయి మేళం చాలన్నారు నాన్న. డీజే లేకపోతే అదీ ఒక ఊరేగింపేనా అని తిండి మానేసి సాధించుకుంది తనే. రామచంద్రపురంలో ఎవరి పెళ్ళికీ పెట్టనన్ని సౌండు బాక్సులు పెట్టించింది. సిగ్గుపడి వెనక్కి తగ్గుతున్న అతన్ని చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి, సరిగ్గా ఆ బాక్సు పక్కనే ఆడించింది. మర్నాడు అతను, "చెవిలో గుయ్‌మంటోంది హైమా, ఏమీ వినపడట్లేదు" అన్నాడు కూడా. "మా ఊరి మర్యాద అలాగే ఉంటుంది, కొత్తల్లుడు గారూ, గుర్తుండాలి కదా" అని చుట్టాలందరి ముందూ నవ్వింది. అందరూ నవ్వారు. అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

"అప్పుడే చూపించుకుని ఉంటే?"

అతను నీళ్ళకేసి చూశాడు. "మొదటి వారంలో వెళ్తే మందుకి లొంగే అవకాశం ఉంటుందట. తర్వాత చదివాను. తగ్గిపోతుందిలే అని ఊరుకున్నాను. తగ్గలేదు. అప్పటికి ఇంటర్వ్యూ అయిపోయింది. మెడికల్ పరీక్ష పెళ్ళికి ముందే పాసయ్యాను. ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది? ఇన్నేళ్ళు కాచుకున్నాను హైమా."

"నేను నవ్వకుండా ఉంటే చెప్పేవారు కదా."

"నీ తప్పేం కాదు."

"నాదేనండీ. ఒక్క మాట చెప్పారు. ఆ ఒక్కటీ నవ్వులో కలిపేశాను."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రెండు చెవులూ మూసే హెడ్‌సెట్ అయితే కెప్టెన్ మాట కూడా మైకులోంచి లోపలే వినపడుతుంది. కుడి చెవికి అందుతుంది. నెట్టుకొచ్చేద్దామనుకున్నాను."

"ఆ హెడ్‌సెట్ పాడైన రోజున? కెప్టెన్ గారు కంగారులో నోటితోనే ఏదో అన్న రోజున? వెనకాల అంతమంది కూర్చుని ఉంటారండీ. వాళ్ళలో నాలాంటి పిచ్చిది కూడా ఒకత్తి ఉంటుంది, మొగుడి భుజం మీద తలపెట్టుకుని."

రైలొకటి వంతెన దాటి వెళ్ళింది. అతను ఏడుస్తున్నాడని అతని వేళ్ళు బిగుసుకుంటే తెలిసింది హైమకి. తన చేతులకేసి చూసుకుంది. ఈ చేతులే ఆ రోజు అతన్ని లాక్కెళ్ళాయి.

చివరికి అతనే లేచి నిలబడి, ఆమెకి చెయ్యందించాడు.

"రేపు పొద్దున్నే చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆయన ఏం చెబితే అది రాయించుకుని, ఆసుపత్రి మెట్లు దిగకుండానే కంపెనీకి ఫోన్ చేస్తాను. చేసేదాకా నువ్వు నా పక్కనే ఉండు."