చూపు తగలని సీసా

…పులుపేనా అది, లేక పులుపు కాబోతున్న తీపా.

గుడ్డ అంచు ఎత్తి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

నిన్నా చూసింది. మొన్నా చూసింది. గాజు సీసాలో టీ ఎర్రగా, కదలకుండా… పైన పొర కట్టబోయి, ఆగి, చిరిగిన గాలిపటంలా ఓ పక్కకి ఒరిగిపోయింది.

మిల్లులో ఆమె పని బట్టలో తప్పులు పట్టడం. దీపం మీదుగా బట్ట తాను జారుతుంటే — ముడి, తెగిన పోగు, నూనె మరక — ఏదీ ఆమె కళ్ళు దాటి పోదు.

ఆ కళ్ళతోనే ఇంటికి వస్తుంది. ఆ కళ్ళతోనే సీసాని చూస్తుంది.

ఆ కళ్ళతోనే మొగుణ్ణీ.

అతను బస్సు నడుపుతాడు. రోజంతా కూర్చునే పని. కడుపు ఉబ్బరం. మిల్లు నర్సు చెబితే పులిసిన టీ మొదలుపెట్టింది ఆమే. నర్సు ఇచ్చిన తల్లిపొరని, టీని పులియబెట్టే ఆ జిగురు పొరని, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తీపి టీ కాచి, చల్లార్చి, పొరని అందులో వదిలి, గుడ్డ కట్టింది. మొదటి గ్లాసు అతనికిచ్చి, అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"హాయిగా ఉందే," అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమె ఎన్నాళ్ళు దాచుకుందో.

తర్వాత అతని చెల్లెలు అడిగింది. పొర ఒకటి విడదీసి ఇచ్చింది. తన చేత్తోనే.

తన చేత్తోనే…

ఇప్పుడతను డ్యూటీ దిగి నేరుగా చెల్లెలింటికి పోతాడు. అక్కడ తాగి వస్తాడు. తాగొచ్చే మొగుడితో గొడవపడితే ఇరుగుపొరుగు అండగా నిలబడతారు. టీ తాగొచ్చే మొగుడి గురించి ఎవరికి చెప్పుకోవాలి?

"దాని చేతిలో ఏదో ఉందోయ్," అంటాడు, ఆమె పెట్టిన గ్లాసు పక్కకి జరుపుతూ.

ఏదో ఉంది. మరి తన చేతిలో ఏం లేదు?

చెల్లెలే కదా. తోడబుట్టిందే కదా. ఆ మాట తలకి తెలుసు. తల కింద ఉన్నదానికి తెలియదు.

ఆదివారం ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. ఏ నీళ్ళో, ఏ ఆకో, ఏ చక్కెరో చూడాలి. ఎక్కడో ఒక తప్పు పట్టాలి.

ఆడపడుచు కుట్టుమిషన్ ముందు ఉంది. సీసా ఎక్కడ పెట్టిందో పెట్టిన మనిషికే వెంటనే గుర్తు రాలేదు. చివరికి దొరికింది — బీరువా పక్కన, గుడ్డపీలికల వెనక. కట్టిన గుడ్డ మీద దారపు నూగు.

"రోజూ చూడవా?"

"చూడ్డానికి ఏముందొదినా? కట్టేసి మర్చిపోతా. అన్నయ్యొచ్చి అడిగితే గుర్తొస్తుంది."

"నాది పొరే కట్టట్లేదు."

"నువ్వేమో పొద్దున్నా సాయంత్రం పోలీసులా గుడ్డెత్తి చూస్తావట. హడలి చస్తోంది పాపం! అన్నయ్య చెప్పి ఒకటే నవ్వు."

నవ్వుకున్నారు. ఇక్కడ, ఈ మిషన్ పక్కన… తన గురించి.

ఆమె కూడా నవ్వింది. దవడలు నొప్పెట్టాయి.

వాకిట్లోంచి ఎవరో పిలిచారు. ఆడపడుచు మెడలో టేపు వేసుకుని లేచింది. "కొలతలిచ్చేవాళ్ళొచ్చారు. ఆ కెటిల్లో టీ కాస్త సీసాలో పోసెయ్ వదినా. చల్లారే ఉంటుందిలే."

చల్లారలేదు. పిడి పట్టుకుంటేనే తెలిసింది.

గుడ్డ విప్పింది. పొర. అంచు నుంచి అంచుకి, మందంగా, తెల్లగా, నిద్రపోతున్నట్టు. వంగి వెతికింది. ముడి లేదు. మరక లేదు. ఒక్క తప్పూ లేదు.

పోస్తే చాలు. వేడికి ఆ పొర చచ్చిపోతుంది. చల్లారిందని చెప్పింది ఆడపడుచే కదా. ఒక్కరూ ఒక్క మాట అనరు. రేపు అతను డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వస్తాడు…

వచ్చి?

వాకిట్లో ఆడపడుచు నవ్వుతోంది. అచ్చం అతని నవ్వు.

కెటిల్ వంచింది. ముక్కు సీసా అంచుని తాకింది. ఆవిరి తగిలి గాజు మసకబారింది. పొర కనిపించడం మానేసింది. కళ్ళకి పని లేకుండా పోయింది ఒక్క క్షణం… కింది నుంచి వాసన వచ్చింది. పులుపో, తీపో.

చుక్క పడకముందే కెటిల్ నిలబెట్టింది. మూత తీసింది.

టీ చల్లారేలా ఊదింది.